డీజిల్ లారీకి ఎగ్జాస్ట్ బ్రేకు: బిగింపు, పొగ పరీక్ష, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో లారీ నడిపేవాళ్ళకు ఘాట్ దిగడం తప్పదు. పలమనేరు నుంచి చిత్తూరుకు రావాలంటే మొగిలి ఘాట్ దిగాలి. మదనపల్లె, పీలేరు వైపు నుంచి తిరుపతికి రావాలంటే భాకరాపేట ఘాట్ దాటాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని ప్రయాణికులు చనిపోయారు. ప్రమాదానికి కారణం ఒక్కోసారి ఒక్కోటి కావచ్చు. కానీ బరువుతో దిగే లారీ అదుపులో ఉండటం ఈ దారుల్లో అందరి ప్రాణాలకూ సంబంధించిన విషయం. అందుకు సాయపడేదే ఎగ్జాస్ట్ బ్రేకు. అయినా అది ఉంటే పొగ పరీక్ష గట్టెక్కదని ఎవరో చెప్పగా విని దాన్ని పీకించేవాళ్ళు, ఏ లారీకి పడితే ఆ లారీకి పాత ఇనుము కొట్టులో దొరికిన వాల్వు బిగించేవాళ్ళు ఆటోనగర్‌లో ఇప్పటికీ కనిపిస్తున్నారు. వాళ్ళు అడిగే ప్రశ్నలకే ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఎగ్జాస్ట్ బ్రేకు అసలు ఎలా పనిచేస్తుంది?

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పంకా) తర్వాత, సైలెన్సర్‌కు ముందు పొగగొట్టంలో గుండ్రటి రేకు ఒకటి ఇరుసు మీద తిరుగుతూ ఉంటుంది. షెడ్డుల్లో దాన్ని ఫ్లాప్ అంటారు, బటర్‌ఫ్లై అని కూడా అంటారు. మామూలుగా అది గొట్టానికి సమాంతరంగా తెరిచి ఉంటుంది. డ్రైవరు స్విచ్ వేసి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే గాలి సిలిండర్ దాన్ని అడ్డంగా మూస్తుంది. అదే సమయంలో డీజిల్ సరఫరా ఆగిపోతుంది. బయటికి పోయే దారి లేక ఇంజిన్‌లోని గాలి గొట్టంలో ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడికి ఎదురు నెట్టడానికి పిస్టన్ కష్టపడాలి. ఆ కష్టమంతా చక్రాల వేగాన్ని తగ్గించడానికి పనికొస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ఎగ్జాస్ట్ బ్రేకు సక్రమంగా పనిచేస్తున్నప్పుడు ఇంజిన్‌లోకి డీజిల్ పోదు. డీజిల్ మండకపోతే పొగ పుట్టదు. బ్రేకు వేసినప్పుడల్లా నల్లటి పొగ వస్తోందంటే డీజిల్ పూర్తిగా ఆగడం లేదని అర్థం. అది సర్దుబాటు లోపం. బ్రేకును తప్పుపట్టి లాభం లేదు.

మామూలు గాలి బ్రేకులు బాగానే పనిచేస్తున్నప్పుడు ఇది దేనికి?

లెక్క వేసి చూద్దాం. పలమనేరుకూ చిత్తూరుకూ మధ్య ఎత్తు తేడా 300 మీటర్లకు పైనే ఉంటుంది. సరుకుతో కలిపి 28 టన్నులున్న లారీ 300 మీటర్లు కిందికి దిగితే సుమారు 82 మెగాజౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ఆ వేడితో దాదాపు 280 లీటర్ల నీళ్ళను మరిగే స్థితికి తేవచ్చు. టైర్ల రాపిడి, ఎదురుగాలి కొంత భాగం తీసుకుంటాయి. మిగిలిందంతా పెడల్ తొక్కి ఆపాలనుకుంటే డ్రమ్ములే మింగాలి.

డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనింగ్‌కు దూరం జరుగుతుంది. లైనింగ్ పైపొర మాడి నున్నబడుతుంది. పెడల్ ఎప్పటిలాగే తొక్కుతున్నా పట్టు తగ్గిపోతుంది. డ్రైవరు ఇంకా గట్టిగా, పదేపదే తొక్కుతాడు. ట్యాంకుల్లో గాలి కూడా తగ్గుతూ వస్తుంది. మాడిన వాసన వచ్చే సరికే ఆలస్యమైపోతుంది. ‘బ్రేకు ఫెయిలైంది’ అని మనం చదివే వార్తల వెనక చాలాసార్లు జరిగేది ఇదే. గొట్టం తెగడం, రాడ్డు విరగడం లాంటివేమీ ఉండకపోవచ్చు. మంచి బ్రేకులే వేడికి చేతులెత్తేస్తాయి.

ఇప్పుడు వేగం సంగతి చూడండి. నూరు మీటర్లకు 5 మీటర్లు కిందికి దిగే వాలులో అదే లారీ గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటకుండా దిగాలంటే, టైర్ల రాపిడి పోగా 100 కిలోవాట్లకు దగ్గరగా శక్తిని ఎప్పటికప్పుడు పీల్చేయాలి. 6 లీటర్ల ఇంజిన్ 2400 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూ, ఫ్లాప్ వెనక 3 బార్ల ఒత్తిడి నిలిస్తే, ఆ ఒత్తిడి ఒక్కటే సుమారు 36 కిలోవాట్లు పీల్చుకుంటుంది. ఇంజిన్ సొంత రాపిడి దానికి తోడవుతుంది. అంటే డ్రమ్ముల మీద పడాల్సిన భారంలో సగం దాకా ఇంజినే మోస్తుంది. అదే ఇంజిన్‌ను పెద్ద గేరులో 1200 ఆర్‌పీఎం దగ్గర తిప్పితే ఫ్లాప్ పీల్చేది 18 కిలోవాట్లకు పడిపోతుంది. గేరు దించకుండా స్విచ్ మాత్రం వేసి ‘ఎగ్జాస్ట్ బ్రేకు పట్టడం లేదు’ అనేవాళ్ళకు ఈ రెండు అంకెలే జవాబు.

ఇంజిన్ బ్రేకు, రిటార్డర్ అంటే కూడా ఇదేనా?

కాదు. ఇంజిన్ బ్రేకు అని పిలిచే కంప్రెషన్ రిలీజ్ బ్రేకు సిలిండర్ లోపల పనిచేస్తుంది. పిస్టన్ గాలిని బాగా నొక్కిన తర్వాత, ఆ గాలి తిరిగి పిస్టన్‌ను కిందికి నెట్టకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి వదిలేస్తుంది. అమెరికా డీజిల్ ఇంజిన్ల రూపకర్త క్లెస్సీ కమిన్స్ 1931లో కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుంటే లారీ బ్రేకులు పట్టు వదిలేసి చావు తప్పింది. ఆ అనుభవమే ఆయన్ను ఈ ఆలోచన వైపు నడిపింది. అది 1961లో జేకబ్స్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. రిటార్డర్ గేర్‌బాక్సుకో, జాయింట్ షాఫ్టుకో ఉండే వేరే యంత్రం. కొన్ని విద్యుదయస్కాంతంతో, కొన్ని నూనెతో పనిచేస్తాయి. ఈ రెండింటికీ ఎగ్జాస్ట్ బ్రేకు కంటే బలం ఎక్కువ, ధర కూడా ఎక్కువ. షెడ్డులో తర్వాత బిగించుకునే వస్తువులు కావవి.

నా లారీకి కంపెనీ నుంచే ఎగ్జాస్ట్ బ్రేకు వచ్చిందా లేదా ఎలా తెలుస్తుంది?

మన దగ్గర తిరిగే బరువు లారీల్లో చాలావాటికి కంపెనీలోనే బిగించి వస్తుంది. పాత బండ్లలో క్లచ్ పెడల్ దగ్గర నేల మీద కాలితో నొక్కే బొత్తాం ఉంటుంది. తర్వాతి బండ్లలో డ్యాష్‌బోర్డు మీదో, స్టీరింగ్ పక్కన కాడ మీదో స్విచ్ ఉంటుంది. సెకండ్‌హ్యాండు బండి కొన్నవాళ్ళు స్విచ్ చూసి సంతోషపడితే చాలదు. కింద వాల్వు ఉందా, దానికి గాలి గొట్టం తగిలించి ఉందా, గొట్టాన్ని మడిచి వైరుతో కట్టేశారా అన్నది కింద దూరి చూడాలి.

పనిచేస్తోందో లేదో చూడటానికి చిన్న పరీక్ష చేయవచ్చు. ట్యాంకుల్లో గాలి నిండాక ఇంజిన్ ఆపండి. చక్రాలకు అడ్డు పెట్టండి. నేల బొత్తాం ఉన్న బండిలో ఒకరు లోపల కూర్చుని బొత్తాం నొక్కితే, ఇంకొకరు బయట నుంచి సిలిండర్ రాడ్డును గమనించాలి. రాడ్డు ఒక్క ఊపులో బయటికి వచ్చి, ఫ్లాప్ ఆగిన చోట ‘టక్’మని వినిపించాలి. బొత్తాం వదలగానే అంతే చురుగ్గా వెనక్కి పోవాలి. నెమ్మదిగా జరిగినా, సగంలో ఆగినా లోపల మసి పేరుకుంది. బుస్సుమని శబ్దం వస్తే గాలి కారుతోంది. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న బండ్లలో ఇంజిన్ ఆగి ఉంటే ఫ్లాప్ కదలదు. వాటిని స్కానర్ తగిలించి చూడాలి.

లేని లారీకి కొత్తగా బిగించుకోవచ్చా? చట్టం ఒప్పుకుంటుందా?

ఇక్కడే అందరూ తికమకపడతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో విభేదించేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా మార్పులు చెల్లవని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని విధంగా విడిభాగాలు తగిలించి బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చు.

‘ఆర్సీలో ఎగ్జాస్ట్ బ్రేకు మాటే ఉండదు కదా, మరి ఇబ్బంది ఏముంది?’ అని అడుగుతారు. ఆర్సీలో ఉండని మాట నిజమే. కానీ ఆ మోడల్‌కు ఉద్గారాల ఆమోదం వచ్చింది ఇంజిన్, పొగగొట్టం, సైలెన్సర్ అన్నీ కలిపి పరీక్షించాకే. పొగ దారిలో కొత్త వస్తువు పెడితే ఆ ఆమోదాన్ని ముట్టుకున్నట్టే. అందుకే నేను ఒకే దారి చెబుతాను. మీ మోడల్‌కు తయారీదారు ఎగ్జాస్ట్ బ్రేకును ఐచ్ఛికంగా ఇచ్చి ఉంటే, అదే పార్టు నంబరు ఉన్న అసలు వస్తువును అధీకృత సర్వీసు కేంద్రంలో బిగించుకోండి. బిల్లులో పార్టు నంబరు, ఛాసిస్ నంబరు రాయించుకోండి. పనికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అర్జీ ఇచ్చి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి. బీమా సంస్థకూ తెలియజేయండి. ప్రమాదం జరిగాక చెప్పని మార్పు బయటపడితే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది.

తయారీదారు ఆ మోడల్‌కు అసలు ఇవ్వనే లేదంటే, బయటి కిట్ బిగించవద్దు.

బీఎస్-3, బీఎస్-4, బీఎస్-6 బండ్లకు తేడా ఉందా?

చాలా ఉంది. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. బీఎస్-4 దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. యాంత్రిక పంపుతో నడిచే పాత బండ్లలో పని సులువు. గాలి సిలిండర్ ఒకటి ఫ్లాప్ మూస్తుంది, ఇంకొకటి పంపు దగ్గర డీజిల్ ఆపుతుంది.

బీఎస్-4 బండ్లలో కొన్నింటికి ఈజీఆర్ ఉంటుంది. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటది. ఫ్లాప్ మూసినప్పుడు ఈజీఆర్ వాల్వు తెరిచే ఉంటే, ఒత్తిడంతా ఇన్‌టేక్ వైపు దారి తీస్తుంది. బ్రేకు పట్టదు, ఇన్‌టేక్ నిండా మసి చేరుతుంది. కంపెనీ బిగించిన బండ్లలో ఈ రెండూ ఒకదానికొకటి తెలిసేలా కంట్రోల్ యూనిట్ చూసుకుంటుంది. బయట బిగించినదానికి ఆ సంగతి తెలియదు.

బీఎస్-6 బండిలో పొగ దారి మొత్తం ఒక చిన్న రసాయన కర్మాగారం. మసిని పట్టే డీపీఎఫ్, యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఎస్‌సీఆర్, వాటి ముందూ వెనకా ఉష్ణోగ్రత, ఒత్తిడి సెన్సర్లు ఉంటాయి. కొన్ని ఇంజిన్లలో ఆ ఫ్లాపే పొగను వేడెక్కించి డీపీఎఫ్ శుభ్రం కావడానికి కూడా సాయపడుతుంది. అందులో బయటి వాల్వు పెడితే సెన్సర్లు తప్పు లెక్క చూపిస్తాయి, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలుగుతుంది, కొన్నింట్లో ఇంజిన్ బలం దానంతటదే తగ్గిపోతుంది. బీఎస్-6 బండికి బయటి ఎగ్జాస్ట్ బ్రేకు వద్దే వద్దు. ఉన్నదాన్ని పనిచేసేలా కాపాడుకుంటే చాలు.

ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటే పొగ పరీక్షలో ఫెయిల్ అవుతుందా?

అవదు. పొగ పరీక్ష బండిని న్యూట్రల్‌లో నిలిపి చేస్తారు. ఇంజిన్ వేడెక్కి ఉండాలి, ఆయిల్ కనీసం 60 డిగ్రీలకు చేరాలి. ముందు కొన్నిసార్లు రేజ్ చేసి గొట్టంలోని పాత మసిని ఊదేస్తారు. తర్వాత గొట్టంలో ప్రోబ్ పెట్టి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కి వదులుతూ వరుస రీడింగులు తీస్తారు. ఎగ్జాస్ట్ బ్రేకుకు ఈ మొత్తంలో పనే లేదు. ఫ్లాప్ తెరిచి ఉంటుంది కాబట్టి పొగ స్వేచ్ఛగా పోతుంది.

ఫెయిల్ అయ్యేది ఫ్లాప్ పూర్తిగా తెరుచుకోనప్పుడు. నెలల తరబడి స్విచ్ ముట్టుకోకపోతే ఇరుసు చుట్టూ మసి గట్టిపడుతుంది. ఫ్లాప్ కాస్త అడ్డంగా తిరిగిన చోటే బిగుసుకుపోతుంది. కాల్చిన వాయువు పూర్తిగా బయటికి పోక సిలిండర్‌లో మిగులుతుంది. తాజా గాలికి చోటు తగ్గుతుంది. పడిన డీజిల్‌కు సరిపడా గాలి లేక నల్లటి పొగ వస్తుంది. మైలేజీ తగ్గుతుంది, ఎక్కుడులో లాగదు, టర్బో మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతుంది. యజమాని నాజిల్స్ మార్పిస్తాడు, పంపు విప్పిస్తాడు, ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయిస్తాడు. ఫ్లాప్ వైపు ఎవరూ చూడరు.

వాల్వు విప్పి వెలుతురులో పట్టుకుంటే సంగతి కళ్ళకు కడుతుంది. లోపలి గోడకు నల్లగా, గరుకుగా పెచ్చు కట్టి ఉంటుంది. రేకు అంచు ఆ పెచ్చులో గాడి చేసుకుని కూర్చుంటుంది. చేత్తో కదిలిస్తే ఒకవైపు కొంచెం కదిలి ఆగుతుంది. బ్లేడుతో పెచ్చు గీకి, ఇరుసు రెండు చివర్లా గ్రాఫైట్ కలిసిన నూనె వేసి, అటూ ఇటూ ఆడిస్తూ ఉంటే కాసేపటికి వేలితో తోసినా తిరిగేంత తేలికవుతుంది. మామూలు ఇంజిన్ ఆయిల్ వేయవద్దు. అది ఆ వేడికి మాడి మళ్ళీ మసే అవుతుంది.

పొగ పరీక్షకు వెళ్ళే రోజు ఏం చూసుకోవాలి?

ముందుగా ఎగ్జాస్ట్ బ్రేకు స్విచ్ ఆపేయండి. ఇది చాలామందికి తట్టదు. స్విచ్ వేసి ఉంచితే, కొన్ని పాత బండ్లలో యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఫ్లాప్ మూసుకుంటుంది. మళ్ళీ తొక్కగానే లోపల ఆగిన మసి ఒక్కసారిగా ప్రోబ్‌లోకి పోతుంది. రీడింగు అన్యాయంగా పెరుగుతుంది.

బండిని షెడ్డు నుంచి నేరుగా చల్లటి ఇంజిన్‌తో తీసుకెళ్ళవద్దు. రేణిగుంట రోడ్డు మీదో, చిత్తూరు బైపాస్ మీదో ఒక అరగంట మంచి వేగంతో నడిపి తీసుకెళ్ళండి. ఎయిర్ ఫిల్టర్ దులపండి. టర్బో గొట్టాల క్లిప్పులు వదులుగా ఉన్నాయేమో చూడండి.

డీజిల్ సరఫరా స్క్రూ తగ్గించి, పరీక్ష అయ్యాక మళ్ళీ పెంచే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ పొగ పీల్చేది ముందుగా మీ క్లీనరు, ఆటోనగర్ పిల్లలు, మీ బండి వెనక బైకు మీద వెళ్ళే మనిషి.

పరిమితులు ఎంత? సర్టిఫికెట్ ఎన్నాళ్ళు చెల్లుతుంది?

బీఎస్-4కు ముందు డీజిల్ బండ్లకు, పొగ ఎంత కాంతిని అడ్డుకుంటుందో చెప్పే కాంతి శోషణ గుణకం మీటరుకు 2.45, అంటే 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు దాటకూడదు. బీఎస్-4 బండ్లకు 1.62, అంటే 50 యూనిట్లు. కొత్త బండికి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి ఏడాది దాటాక సర్టిఫికెట్ అవసరం. ఆ తర్వాత బీఎస్-4, బీఎస్-6 బండ్లకు 12 నెలలు, అంతకంటే పాతవాటికి 6 నెలలు చెల్లుతుంది.

పొగ ఎక్కువ ఉంటే శిక్ష డ్రైవరుకా, యజమానికా?

190వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ బండి నడిపినవాళ్ళనూ, నడిపించినవాళ్ళనూ, నడపనిచ్చినవాళ్ళనూ కలిపే చెబుతుంది. వాయు కాలుష్యం, శబ్దం, రోడ్డు భద్రత ప్రమాణాలు ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. దాంతోపాటు 3 నెలలు లైసెన్సుకు అనర్హత ఉంటుంది. ఆ అనర్హత డ్రైవరు నోటి దగ్గర కూడు లాగేస్తుంది. ఫ్లాప్ శుభ్రం చేయించే ఖర్చు యజమాని పెట్టుకోవాల్సింది. అది ఆదా చేసి జీతానికి పనిచేసే మనిషిని ఇరికించడం ఏ రకంగానూ న్యాయం కాదు.

ఎఫ్‌సీకి వెళ్ళినప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకును లెక్కలోకి తీసుకుంటారా?

రోలర్ యంత్రం మీద చక్రాలను యంత్రమే తిప్పుతుంది. కాబట్టి అక్కడ కొలిచేది కాలి బ్రేకును, పార్కింగ్ బ్రేకును. ఎగ్జాస్ట్ బ్రేకు బలం ఆ అంకెల్లోకి రాదు. కాలి బ్రేకు తక్కువగా ఉంటే ఎగ్జాస్ట్ బ్రేకు చూపించి గట్టెక్కలేరు. రవాణా వాహనానికి 8 ఏళ్ళు నిండేదాకా ఎఫ్‌సీ రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. ఎఫ్‌సీకి ముందు లైనింగ్ సరిచేయించేటప్పుడే ఫ్లాప్ కూడా విప్పించి చూడండి. లారీ ఎలాగూ షెడ్డులోనే ఉంటుంది.

బిగించేటప్పుడు మేస్త్రి దగ్గర నిలబడి ఏమేం గమనించాలి?

అన్నిటికంటే ముఖ్యం గాలి ఎక్కడి నుంచి తీసుకుంటున్నారన్నది. దగ్గరగా ఉందని సర్వీసు బ్రేకు ట్యాంకుకు టీ పెట్టి గొట్టం లాగుతారు. రేపు ఆ సన్నటి గొట్టం పొగగొట్టానికి తగిలి కరిగితే బ్రేకు ట్యాంకు గాలంతా అందులోంచి పోతుంది. ఘాట్‌లో సాయపడాల్సిన వస్తువే ప్రాణం తీస్తుంది. గాలిని, బ్రేకు ట్యాంకులను కాపాడే రక్షణ వాల్వు దాటిన తర్వాత వచ్చే సహాయక సర్క్యూట్ నుంచే తీసుకోవాలి. ఈ ఒక్క విషయంలో మేస్త్రితో వాదనకు దిగినా తప్పు లేదు.

గాలి పోతే ఫ్లాప్ ఎటు వెళ్తుందో అడగండి. స్ప్రింగు దాన్ని తెరిచే వైపే లాగాలి. మూసే వైపు బిగిస్తే, గాలి లేని ఉదయం ఇంజిన్ స్టార్ట్ కాదు.

క్లచ్ తొక్కగానే, యాక్సిలరేటర్ తాకగానే ఫ్లాప్ తెరుచుకోవాలి. క్లచ్ దగ్గర స్విచ్ పెట్టకపోతే గేరు మార్చేటప్పుడు ఇంజిన్ ఆగిపోయే ప్రమాదం ఉంది. వాలులో ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, గాలి కంప్రెసర్ ఆగిపోతుంది.

వాల్వు బరువంతా టర్బో మీద వేలాడకుండా విడిగా బ్రాకెట్ వేయించండి. డీజిల్ గొట్టానికీ పొగగొట్టానికీ మధ్య కనీసం 35 మిల్లీమీటర్ల దూరం ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. కొత్త వాల్వు పెట్టడానికి గొట్టం వంచితే ఆ దూరం తగ్గిపోతుంది. టేపు పెట్టి కొలవండి.

చివరిగా ఒత్తిడి. ఫ్లాప్‌లో చిన్న రంధ్రం గానీ, స్ప్రింగు వాల్వు గానీ ఉండేది ఒత్తిడి హద్దు దాటకుండా కొంత గాలిని వదలడానికే. ‘ఇంకా బాగా పట్టాలి’ అని ఆ రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చేవాళ్ళున్నారు. ఒత్తిడి ఎగ్జాస్ట్ వాల్వు స్ప్రింగు బలాన్ని మించితే, మూసి ఉండాల్సిన వాల్వు తెరుచుకుని సీటు మీద కొట్టుకుంటుంది. తర్వాత హెడ్ విప్పడమే.

ఆన్‌లైన్‌లో అమెరికా కిట్లు దొరుకుతున్నాయి. వాటికి కాలిఫోర్నియా ఆమోదం ఉందంటున్నారు. అది సరిపోదా?

సరిపోదు. కాలిఫోర్నియాలో ఉద్గారాలతో సంబంధమున్న విడిభాగం తర్వాత బిగించాలంటే అక్కడి వాయు వనరుల బోర్డు ఇచ్చే కార్యనిర్వాహక ఉత్తర్వు నంబరు ఉండాలి. తనిఖీ చేసేవాళ్ళు ఆ నంబరు చూసి వదులుతారు. ఆ ఉత్తర్వు అక్కడ, పేర్కొన్న ఇంజిన్లకు, పేర్కొన్న మోడల్ సంవత్సరాలకు మాత్రమే చెల్లుతుంది. మన ఎంవీఐకి (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు) ఆ నంబరుతో పనిలేదు. పైగా వాటిలో చాలావరకు వాళ్ళ పికప్ బండ్ల ఇంజిన్లకు, గొట్టం కొలతలకు చేసినవి. మన లారీ వాల్వు స్ప్రింగులు ఎంత ఒత్తిడి తట్టుకుంటాయో ఆ కిట్ చేసినవాళ్ళకు తెలియదు.

ఫ్లాప్ పూర్తిగా పీకేస్తే మైలేజీ పెరుగుతుందంటారు. నిజమేనా?

బిగుసుకుపోయిన ఫ్లాప్ పీకితే పెరుగుతుంది. శుభ్రం చేసినా అంతే పెరుగుతుంది. పూర్తిగా తెరుచుకునే ఫ్లాప్ పీకితే తేడా ఏమీ ఉండదు. కంపెనీ ఇచ్చిన భద్రతా పరికరాన్ని తీసేశాక ఘాట్‌లో జరగరానిది జరిగితే కోర్టులో, బీమా దగ్గర, ముఖ్యంగా ఆ కుటుంబాల ముందు ఏం చెబుతారు?

రోజూ వాడితే ఇంజిన్ పాడవుతుందా?

నిర్ణీత ఒత్తిడిలో ఉంటే పాడవదు. వాడకపోతేనే ఫ్లాప్ బిగుసుకుంటుంది. చదును రోడ్డు మీద కూడా టోల్‌గేటు దగ్గర, ఊళ్ళ ముందు వేగం తగ్గించడానికి వాడుతూ ఉండండి. లైనింగ్ కూడా ఎక్కువ కాలం వస్తుంది. టర్బో నుంచి ఆయిల్ కారుతుంటే మాత్రం ముందు దాన్ని బాగు చేయించాలి.

శబ్దం ఎక్కువగా ఉంటుందా?

లేదు. చెవులు చిల్లులు పడే శబ్దం కంప్రెషన్ రిలీజ్ బ్రేకుది. ఎగ్జాస్ట్ బ్రేకు శబ్దం బుసలాగా ఉంటుంది. అంతకు మించి మోత వస్తుంటే సైలెన్సర్ కానీ గ్యాస్కెట్ కానీ చెడింది.

మొగిలి, భాకరాపేట ఘాట్లలో ఎలా వాడాలి?

వాలు మొదలు కాకముందే గేరు దించండి. దిగుతూ దించుదామనుకుంటే న్యూట్రల్‌లో చిక్కుకుంటారు. అప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకుకు చక్రాలతో సంబంధమే తెగిపోతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో దిగేటప్పుడూ ఆ గేరే, లేదా అంతకంటే ఒకటి చిన్నదే వాడండి. ఇంజిన్ వేగం బాగా ఉండాలి, కానీ మీటరులో ఎర్ర గీత దాటకూడదు. దాటబోతుంటే కాలి బ్రేకుతో గట్టిగా ఒకసారి తగ్గించి వదిలేయండి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచితే డ్రమ్ములు కాలతాయి. డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దిగేవాళ్ళకు తెలియాల్సింది ఏమిటంటే, గేరులో ఎగ్జాస్ట్ బ్రేకుతో దిగేటప్పుడు డీజిల్ ఖర్చే ఉండదు. న్యూట్రల్‌లో ఐడిలింగ్‌కైనా కొంత తాగుతుంది.

వానలో, ఖాళీ బండితో జాగ్రత్త. ఎగ్జాస్ట్ బ్రేకు పట్టేది వెనక డ్రైవింగ్ చక్రాలను మాత్రమే. ఖాళీ బండిలో వాటి మీద బరువు తక్కువ, తడి మలుపులో జారతాయి. ఏబీఎస్ ఉన్న చాలా బండ్లలో చక్రం జారితే ఎగ్జాస్ట్ బ్రేకును తప్పించే ఏర్పాటు ఉంటుంది. పాత బండ్లలో ఉండదు. అలాంటప్పుడు స్విచ్ ఆపి, చిన్న గేరులో నెమ్మదిగా దిగడమే మేలు.

ఇంకో విషయం. చాలా లారీల్లో ఎగ్జాస్ట్ బ్రేకు వేస్తే వెనక ఎర్రదీపం వెలగదు. వెనక దగ్గరగా బండి వస్తుంటే పెడల్‌ను దీపం వెలిగేంత మాత్రం తాకండి.

తిరుమలకు సరుకు తీసుకెళ్ళే డీజిల్ బండ్లకు కూడా ఇవే జాగ్రత్తలా?

అవే. దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. అందులో ముడి మలుపులు ఎక్కువ. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉన్నది ఊరికే కాదు. వేగం సగమైతే క్షణక్షణం బ్రేకుల మీద పడే వేడి కూడా సగమవుతుంది. వేడి గాలిలో కలవడానికి డ్రమ్ములకు సమయం దొరుకుతుంది. అలిపిరి చేరాక డ్రమ్ములు కాలుతుంటే నీళ్ళు పోయవద్దు, పగుళ్ళిస్తాయి. చదునైన చోట చక్రాలకు అడ్డు పెట్టి, వాటంతటవే చల్లారనివ్వండి. అన్ని డ్రమ్ములూ ఒకేలా వేడిగా ఉన్నాయా, ఒకటి మాత్రమే మరీ కాలుతోందా అన్నది చేయి తగలకుండా దగ్గర పెట్టి చూడండి. ఒకటే కాలుతుంటే ఆ చక్రం సర్దుబాటు చేయించాకే మళ్ళీ కొండ ఎక్కించండి.